గుర్రం మీది రేకు



చీరాల నుంచి వాడరేవు వైపు బయల్దేరితే సముద్రం ఇంకా కంటబడకముందే దాని ఉప్పు తెలుస్తుంది. కిటికీ ఊచలు, గేటు గొళ్ళేలు, సైకిలు గొలుసులు... ఈ గాలి ఏ ఇనుమునూ వదలదు. వీణకు కట్టే ఉక్కు తీగనూ వదలదు. ఈ తీరం ఊళ్ళలో వీణ ఉన్న ఇళ్ళవాళ్ళు తరచుగా చెప్పే మాట ఒకటుంది. "కొన్న కొత్తలో ఒక్కసారి మీటితే ఎంతసేపో పలికేదండీ. ఇప్పుడు మీటీమీటకముందే ఆగిపోతోంది. కర్ర పాడైందంటారా?"

కర్ర పాడవడం చాలా అరుదు. మీటిన స్వరం ఎంతసేపు నిలుస్తుంది, ఎలాంటి గొంతుతో నిలుస్తుంది అన్నది ముందుగా తంత్రి రెండు కొసలూ ఎక్కడ, దేని మీద ఆగుతున్నాయో అక్కడ తేలుతుంది. మిగతా వాద్యం సంగతి ఆ తర్వాత. మనవాళ్ళు మాత్రం కర్ర వయసు అడుగుతారు. యాళి ముఖం చెక్కడం బాగుందా, అంచున నగిషీ ఎంత ఉంది అని చూస్తారు. తంత్రులు ఆనే గుర్రం మీద రేకు ఎలా ఉందో చూసి వీణ కొన్నవాళ్ళు నాకు బహు కొద్దిమందే తారసపడ్డారు. ఈ పూట ఆ రేకు గురించే మాట్లాడుకుందాం. దారిలో బొబ్బిలి వెళ్దాం, అమెరికాకూ ఒకసారి వెళ్ళొద్దాం.

మీటడమంటే తంత్రికి కాస్త శక్తి ఇవ్వడం. ఆ శక్తి తంత్రిలోనే ఉండిపోతే మనకు సరిగా వినబడదు. సన్నని తీగ గాలిని ఏపాటి కదిలించగలదు? శక్తి గుర్రం మీదుగా వీణ గుండ్రని కుండ పైపలకలోకి దిగాలి, పలక ఊగి గాలిని కదిలించాలి. అప్పుడు చెవికి చేరుతుంది. చెరువు తూము సంగతి మన రైతులకు చెప్పనక్కర్లేదు. బార్లా తెరిస్తే కాలువ నిండుగా పారుతుంది, చెరువు తొందరగా అడుగంటుతుంది. కొద్దిగా తెరిస్తే ధార సన్నం, నీళ్ళు చాలాకాలం. వీణ చేసేవాడి చిక్కు ఇదే. పలక పల్చనైతే వాద్యం బిగ్గరగా పలికి చప్పున ఆగిపోతుంది. దళసరైతే మెల్లగా పలికి ఎక్కువసేపు నిలుస్తుంది. కచేరీ చేసేవాళ్ళకు రెండూ కావాలి. రెండూ పూర్తిగా దొరకవు. ఎక్కడ రాజీపడాలో చెప్పేది పనివాడి చెయ్యి.

ఇది సద్వినియోగమయ్యే శక్తి. దండగయ్యేది వేరే ఉంది. వదులైన అతుకు, మెట్ల కింద మెత్తబడిన మైనం, గాడిపడిన రేకు, తుప్పుపట్టిన తీగ... ఇవన్నీ శక్తిని మింగుతాయి, చెవికి మాత్రం ఏమీ ఇవ్వవు. పాత వీణ మూగబోవడానికి కారణం నూటికి తొంభై పాళ్ళు ఇక్కడే ఉంటుందని నా నమ్మకం.

అయినా ముందు కర్ర మాట చెప్పకపోతే బొబ్బిలి వాళ్ళు ఒప్పుకోరు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లి అనే ఊళ్ళో సర్వసిద్ధి వంశం వాళ్ళు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనసమాను. కుండ, దండి, తల మూడూ ఒకే దుంగలోంచి తొలిచి తీస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పనసే ఎందుకంటే, అది మరీ బరువు కాదు, మరీ తేలిక కాదు. ఉలికి లొంగుతుంది. బాగా ఆరితే బీటలివ్వదు. పురుగు తొందరగా ముట్టదు. ఒకే దుంగ కాబట్టి దండికీ కుండకూ మధ్య అతుకు లేదు, ఆ మేరకు దండగ తగ్గుతుంది. అది నిజమే. కానీ పచ్చి కర్రతో చేసిన ఏకాండి కంటే ఆరిన కర్రతో బిగువుగా అతికిన వీణే బాగా పలుకుతుంది. ఏకాండి అన్న పేరుకే డబ్బు పోయడం నాకు నచ్చదు. దండి రెండో కొస కింద తగిలించే బుర్ర ఉంది చూశారూ, ఒకప్పుడు సొరకాయ బుర్ర, ఇప్పుడు ఎక్కువగా ఫైబరు. అది తొడ మీద ఆనించుకోవడానికి పనికొచ్చినంతగా నాదానికి పనికిరాదు.

మన గుంటూరు, ప్రకాశం వాళ్ళకు బొబ్బిలి కంటే నూజివీడు దగ్గర. అక్కడా పనసతో వీణలు చేస్తారు. ఆ పని చేస్తున్నది ముస్లిం కుటుంబం. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం విని పెరిగిన ఈ ప్రాంతానికి అందులో వింతేమీ లేదు.

ఇక గుర్రం. కుండ పలక మీద నిలబెట్టిన చిన్న చెక్క వంతెన అది. దాని నెత్తిన కంచు రేకు ఒకటి అతికి ఉంటుంది. వాయించే నాలుగు తంత్రులు, అంటే సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం, ఈ రేకు మీదుగా పోతాయి. తాళం తంత్రులు మూడింటికి పక్కన వేరే చిన్న వంపు రేకు. కంచు రేకు చూడ్డానికి బల్లపరుపుగా కనిపిస్తుంది. గోటితో నిమిరితే తెలుస్తుంది, అది బల్లపరుపు కాదు. అతి కొద్దిగా వంపు ఉంటుంది. తంత్రి దాని మీద ఒక్క గీత దగ్గర ఆగదు. కదిలినప్పుడల్లా ఆ వంపును కాస్త తాకుతూ, కాస్త వదులుతూ ఉంటుంది. వీణ గొంతులో మనకు ఇష్టమైన ఆ సన్నని జీర అక్కడ పుడుతుంది.

ఈ వంపును మొదట శాస్త్రంగా పట్టించుకున్నవాడు సి.వి.రామన్. పుట్టింది తిరుచిరాపల్లిలో, పెరిగింది విశాఖపట్నంలో. తండ్రి అక్కడ కాలేజీలో అధ్యాపకుడు. రామన్ పదకొండో ఏట మెట్రిక్యులేషన్ పాసైందీ అక్కడే. నోబెల్ రావడానికి చాలా ముందే, 1921లో, మన తంత్రీవాద్యాల మీద ఆయన చిన్న పరిశోధన పత్రం ఒకటి ప్రచురించారు.  

రామన్ పట్టుకున్నది ఇది. తంత్రిని సరిగ్గా మధ్యలో మీటామనుకోండి. మూలస్వరంతోపాటు సన్నగా పలికే పై స్వరాలను అనుస్వరాలు అంటారు. వాటిలో రెండోది, నాలుగోది, ఆరోది, ఇలా ఆ మధ్య బిందువు దగ్గర కదలిక ఉండని అనుస్వరాలు పలక్కూడదు. ఐరోపాలో థామస్ యంగ్ పేరు మీద ఉన్న సూత్రం అది. వయొలిన్ తీగకో, పియానో తీగకో అది బాగానే వర్తిస్తుంది. వీణ దగ్గరికీ తంబురా దగ్గరికీ వచ్చేసరికి, పలక్కూడని ఆ అనుస్వరాలు దర్జాగా పలుకుతున్నాయి. దీనికి కారణం గుర్రం వంపు అని రామన్ తేల్చారు. తంత్రి ఊగుతున్నప్పుడు ఒక్కో ఊపులోనూ రేకుతో కలిసి విడిపోతూ ఉంటుంది కాబట్టి శక్తి ఒక అనుస్వరం నుంచి ఇంకోదానికి మారుతుంది. మీటినప్పుడు లేనివి తర్వాత పుట్టుకొస్తాయి. తంబురాలో ఈ పని మరీ స్పష్టంగా కనిపిస్తుంది. తంత్రికీ గుర్రానికీ మధ్య పెట్టే నూలు పోగు, జీవా, ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒక చోట తంబురా హఠాత్తుగా ప్రాణం పోసుకుంటుంది. దానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. చీరాల మగ్గాల దగ్గర తెగిన పోగు ఒకటి చాలు.

అందువల్ల రేకు విషయంలో పనివాడికి రెండు పక్కలా గొయ్యే. వంపు తక్కువై రేకు మరీ చదునైతే తంత్రి దాని మీద రుద్దుకుని బరబర మంటుంది, శక్తి ఆ రుద్దుడుకే ఖర్చయి స్వరం తొందరగా చస్తుంది. వంపు మరీ ఎక్కువైతే తంత్రి ఒకే చోట ఆగిపోతుంది. అప్పుడు బరబరలు ఉండవు, జీరా ఉండదు. వీణ గిటారు గొంతుతో పలుకుతుంది. ఈ రెంటికీ నడుమ వెంట్రుకవాసి చోటు ఒకటుంది. మంచి పనివాడు సన్న ఆకురాయితో రెండు లాగులు లాగి, తంత్రి ఎక్కించి, మీటి, విని, మళ్ళీ దింపి ఇంకో లాగు లాగుతాడు. పక్కన కూర్చున్నవాళ్ళకు విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి. మీరిచ్చే డబ్బు ఆ రెండు లాగులకే. రేకు కింద లక్క ఊడి సందు వచ్చినా ఇదే గతి. రేకు విడిగా వణుకుతూ శక్తిని తినేస్తుంది. గోటితో తడితే డొల్ల చప్పుడు వస్తే అతుకు వదిలిందని గుర్తు.

ఏళ్ళ తరబడి ఉక్కు తీగ ఒకే చోట నొక్కుతుంటే కంచులో గాడి పడుతుంది. గాడి లోతైతే తంత్రి అందులో ఇరుక్కుని వంపు మీద ఆడలేదు. సముద్రం పక్కన తుప్పు తీగ ఆకురాయి పని చేసి ఆ గాడిని మరింత త్వరగా తవ్వుతుంది. "కర్ర పాడైందంటారా" అని అడిగేవాళ్ళకు నేను ముందు ఈ గాడి చూడమంటాను.

ఇక రెండో కొస మెట్ల దగ్గర. వీణకు ఇరవైనాలుగు మెట్లు, ఇత్తడివో కంచువో. వాటిని దండి మీద తేనెమైనంలో నిలబెడతారు. మైనంలో బొగ్గుపొడి కలిపి గట్టి చేస్తారు. మేళం కట్టడం అంటే ఇదే. మెట్టు లోహం కాబట్టి నొక్కిన చోట తంత్రి గట్టిగా ఆగుతుంది. వయొలిన్ మీద వేలి మెత్తని కండ ఆపుతుంది, అందుకే దాన్ని మీటితే స్వరం టప్పున ఆగిపోతుంది, కమాను లేనిదే సాగదు. వీణకు ఆ బాధ లేదు. కానీ మెట్టు గట్టిదైనా దాని కాళ్ళు మైనంలో ఉన్నాయి. తేనెమైనం కరిగేది 62 డిగ్రీల పైన. మెత్తబడడం మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. రోహిణి కార్తెలో మన రెంటచింతల వేడి సంగతి రేడియో వార్తల్లో ఏటా వింటూనే ఉంటారు. ఆ వేడికి మైనం మెత్తబడి మెట్టు ఒక వెంట్రుక కుంగితే శ్రుతి తప్పుతుంది. కుంగకపోయినా, మెత్తని మైనంలో నిలబడ్డ మెట్టు తంత్రితోపాటు తానూ కాస్త వణుకుతుంది. ఆ వణుకు మీ స్వరంలోంచి కోసుకున్నదే. వేసవిలో కచేరీకి వెళ్తూ వీణను ఎండలో నిలిపిన కారులో వదిలిపెట్టేవాళ్ళకు నేనిక చెప్పేదేముంది!

ఇప్పుడు మైనం బదులు మెట్లను మరలతో బిగించిన వీణలు వస్తున్నాయి. మోసుకెళ్ళడానికి విడదీసే వీణలూ వచ్చాయి. సంప్రదాయం పోయిందని కొందరు బాధపడతారు. ఈ వేడిలో, ఈ ఉప్పులో ఉండేవాళ్ళకు మరల మెట్లే మేలని నా అభిప్రాయం. మైనంలో ఒక సుఖం ఉంది, నిజమే. కాస్త వెచ్చచేసి మెట్టును చెవికి నచ్చిన చోటికి జరుపుకోవచ్చు. ఆ సుఖం తెలిసిన పనివాడు దగ్గర్లో ఉంటేనే అది సుఖం.

మెట్లే లేని వీణ కూడా మనకుంది, గోటువాద్యం. చిత్రవీణ అనీ అంటారు. తంత్రుల మీద బరువైన కర్రముక్కను జారుస్తూ వాయిస్తారు. నల్లచేవ మాను వాడతారు, కొమ్ము వాడినవాళ్ళున్నారు, ఈ తరం వాద్యకారుడు రవికిరణ్ టెఫ్లాన్ వాడారు. ఇక్కడ రెండో కొస ఆ జారుడు ముక్కే. అది తేలికైతే తంత్రితోపాటు అదీ ఊగుతుంది, స్వరం నిలవదు. బరువైతే కదలకుండా నిలబడి తంత్రిని ఊగనిస్తుంది. సముద్రాలకు ఆవల హవాయిలో జోసెఫ్ కెకూకు అనే కుర్రాడు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గిటారు మీద ఉక్కు ముక్క జార్చి వాయించడం మొదలుపెట్టాడు. ఆ వాయింపు తర్వాత కలకత్తా మీదుగా మన దేశానికి వచ్చింది, మన పాత సినిమా పాటల్లో వినిపించే జారుడు గిటారు అదే. విశ్వమోహన్ భట్ దానికి తరబ్ తంత్రులు, అంటే మీటకుండానే తోడుగా మోగే తంత్రులు, కలిపి మోహన వీణ అని పేరు పెట్టారు, 1994లో గ్రామీ బహుమతి అందుకున్నారు.

అమెరికాలో అదే గిటారు వేరే దారి పట్టింది. బల్లలా నాలుగు కాళ్ళ మీద నిలబెట్టి, కింద పెడళ్ళు పెట్టారు. తంత్రులు సాధారణంగా పది. ఎడమ చేతిలో బరువైన ఉక్కు కడ్డీ, కుడి చేతి వేళ్ళకు మీటుడు గోళ్ళు. పాదంతో పెడలు నొక్కితే కింద కడ్డీ లాగుతుంది, కుడి కొసన తంత్రి ఆనే చిన్న లోహపు వేలు తిరుగుతుంది, స్వరం మోగుతుండగానే శ్రుతి మారుతుంది. 1954లో గాయకుడు వెబ్ పియర్స్ పాట ఒకదానిలో బడ్ ఐజాక్స్ అనే ఆయన ఇలా వాయించాక అందరూ పెడళ్ళ వెంట పడ్డారు. మనం సారణిని మెట్టు మీద పక్కకు లాగి గమకం పలికిస్తాం. వాళ్ళు గుర్రాన్నే కదిలించి పలికిస్తారు.

గుర్రం కదిలితే చిక్కు ఏమిటో మీకిప్పటికే తట్టి ఉంటుంది. తంత్రి కొస ఆగవలసిన చోటే ఇరుసు మీద తిరిగే వేలు ఉంది. ఇరుసులో రవ్వంత వదులు ఉన్నా స్వరం అక్కడ కారిపోతుంది. వేలి నెత్తి వంపు మరీ చిన్నదైతే తీగ అక్కడే పదేపదే వంగి తెగుతుంది. అన్నిటికంటే సన్న తీగ ముందు తెగుతుంది. ఏళ్ళు గడిచేసరికి ఆ లోహం మీదా గాడి పడుతుంది, దాన్ని సానపట్టించుకోవాలి. మన రేకుకు పట్టిన రోగమే. ఎడమ కొసన తంత్రి కింద చిన్న చక్రాలు పెడతారు, పెడలు లాగినప్పుడు తీగ పట్టేయకుండా జారాలని. ఆ చక్రం ఇరుసు కూడా బిగువుగా ఉండాలి, కానీ తిరగాలి. రెండూ ఒకేసారి సాధించడం ఎంత కష్టమో గడియారాలు బాగుచేసేవాళ్ళను అడగండి.

1960లలో ఎమ్మన్స్ అనే గిటారు కంపెనీ చేసిన ఒక పాత పద్ధతిలో, పెడలు తొక్కనప్పుడు ఆ వేళ్ళు వాద్యం ఒంటికి గట్టిగా ఆనుకుని ఉండేవి. తర్వాత వచ్చిన యంత్రాంగం శ్రుతి సరిచేసుకోవడానికి సులువు, మరమ్మతుకు సులువు. అయినా పాతదానికున్న నాదం దీనికి లేదని వాదించే వాద్యకారులు ఇప్పటికీ ఉన్నారు. ఒంటికి వాడేది ఎక్కువగా మేపుల్ కర్ర, దాని గురించీ వాదనలే. నాకైతే ఆ పాత పద్ధతి మీది మోజుకు కారణం సులువుగా అర్థమవుతుంది. అక్కడ తంత్రి గట్టి చోట ఆగుతోంది.

వాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది, మనకు లేదు. వాళ్ళ వాద్యం విద్యుత్ వాద్యం. బిగ్గరతనం సంగతి పికప్, ఆంప్లిఫయరు చూసుకుంటాయి. కాబట్టి ఒంటిని ఎంత బిగువుగా, బరువుగా చేసినా నష్టం లేదు. తూము సన్నంగా తెరిచి కూర్చోవచ్చు. పైగా కుడి కాలి కింద ధ్వని పెడలు ఉంటుంది. స్వరం తగ్గుతున్నకొద్దీ దాన్ని మెల్లగా తొక్కుతూ పెంచుకుంటారు. వినేవాళ్ళకు స్వరం తగ్గనట్టే ఉంటుంది.

మన కచేరీల్లో వీణకు కాంటాక్ట్ మైకు అంటించడం మొదలయ్యాక ఇక్కడా అలాంటి మార్పే వచ్చింది. గట్టిగా, మాటిమాటికీ మీటవలసిన అవసరం తగ్గింది. ఒక్క మీటుతో నాలుగైదు స్వరాలు లాగి, గొంతుతో పాడినట్టు సాగదీయడానికి ధైర్యం వచ్చింది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారినీ, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు గారినీ విన్నవాళ్ళకు ఈ సాగుడు ఎంత దూరం పోగలదో తెలుసు. అయితే మైకు ఉన్నది పెంచుతుందే గాని లేనిది ఇవ్వదు. రేకు బరబరలాడితే ఆ బరబరలనూ అంతే నమ్మకంగా పెంచి వినిపిస్తుంది.

తీరం ఊళ్ళవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. వాయించడం అయ్యాక తంత్రులను పొడి నూలుగుడ్డతో కింద నుంచి పైకి తుడవండి. వేలు జారడానికి రాసే కొబ్బరినూనెకు ఉప్పు ధూళి అంటుకుంటే తీగ బరువు అక్కడక్కడ పెరిగి అనుస్వరాలు చెడిపోతాయి. ఉక్కు తీగలు తెగేదాకా ఆగకండి, నల్లబడగానే మార్చండి, వాటి ఖరీదు పెద్దది కాదు. వానాకాలం బిరడాలు ఉబ్బి బిగుసుకుంటే బలవంతంగా తిప్పకండి, ఆరనివ్వండి. వీణను సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో ఉంచకండి.

ఇక, అటక మీద బామ్మగారి వీణో, అత్తగారి వీణో మూగబోయి పడి ఉన్న ఇళ్ళు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అలంకారంగా షోకేసులో పెట్టేముందు, పాత సామాను వాడికి వేసేముందు ఒక్క పని చేయండి. కొత్త తీగలు వేయించి, గుర్రం మీది రేకు సాపు చేయించి, మేళం సరిచూపించండి. బొబ్బిలి దూరమనుకుంటే నూజివీడు ఉంది, పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగి రావచ్చు. అప్పటికీ పలక్కపోతే అప్పుడు కర్రను అనుమానిద్దాం.